బంకులో పెరిగిన ధర, కూలి చేతిలో కోత

పెట్రోలు, డీజిలు ధరల మాట వచ్చినప్పుడల్లా పట్నంలో మోటారు సైకిలున్న వాళ్ళ గోడు, లారీ యజమానుల గోడు పత్రికల్లో వస్తుంది. రావలసిందే, కాదనం. కాని బంకు మొహం చూడని వ్యవసాయ కూలీకి దీంతో పనేమిటని కొందరు పెద్దమనుషులు అడుగుతుంటారు. “మీకు బండ్లా, కార్లా? మీకెందుకయ్యా ఈ ఆందోళన?” అంటారు. మాకు బండి లేని మాట నిజమే. బండి ఖర్చు మాత్రం మా మీదనే పడుతున్నది.

మిరప కోతల రోజుల్లో ఖమ్మం, గుంటూరు పల్లెల్లో తెల్లవారుజామున చూడండి. చీకటి ఉండగానే సద్ది కట్టుకుని ఆడకూలీలు ట్రాలీ ఆటోలెక్కుతారు. సొంత ఊళ్ళో పని చాలక పది మైళ్ళు, ఇరవై మైళ్ళు పోతారు. ఆ ఆటో కిరాయి ఎవరు పెట్టుకోవాలన్నది ఊరికొక తీరు. కూలీలే పెట్టుకునే చోట సాయంత్రం చేతికొచ్చే డబ్బులోంచి ముందుగానే పట్టుకుంటారు. రైతు పెట్టుకునే చోట ఆ మేరకు కూలిరేటు దగ్గర చెయ్యి బిగబడుతుంది. “ఆటోకే ఇంత పోతుంటే మీకింకా ఎక్కడ పెంచను?” అంటాడు రైతు. ఏ దారిన పోయినా డీజిలు ధర కూలి దగ్గరికే చేరుతుంది.

ఆటో నడిపేవాడూ బీదవాడే. కిరాయి పెంచితే జనం ఎక్కరు, పెంచకపోతే వాయిదా కట్టలేడు. కాబట్టి పదిమంది ఎక్కవలసిన చోట ఇరవైమందిని ఎక్కిస్తాడు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. పోయినవాళ్ళు దాదాపు అందరూ పనికి బయల్దేరిన ఆడవాళ్ళే. ఆ ప్రమాదానికి డీజిలు ధరే కారణమని మేము అనం. కూలి జనానికి పనికి పోయేందుకు సరైన బండి లేదని మాత్రం అంటున్నాం.

ఇక రైతు సంగతి. “కరెంటు ఉచితంగా ఇస్తున్నాం కదా, డీజిలుతో ఏం పని?” అని పాలకులు అంటుంటారు. కరెంటు బోరును నడుపుతుంది గాని అరకను నడపదు. ఎద్దులు పోయి ఎన్నాళ్ళయింది? దుక్కి, దమ్ము, కోత మిషను, ధాన్యం మార్కెట్టుకు తోలకం, అన్నీ డీజిలు మీదే. కాలువ చివరి భూముల్లో నీళ్ళందక ఆయిలింజను పెట్టి తోడుకునేవాళ్ళు వేరే ఉన్నారు. బరువు పనిలో ట్రాక్టరు గంటకు నాలుగైదు లీటర్లు తాగుతుంది. లీటరుకు 10 రూపాయలు పెరిగితే యజమానికి గంటకు పెరిగేది నలభై యాభై రూపాయలే. కిరాయి మాత్రం వందో రెండొందలో పెరుగుతుంది. పెరిగిన కిరాయి, తర్వాత డీజిలు తగ్గినా దిగిరాదు. ఇది మేము తిరిగే ప్రతి ఊళ్ళోనూ చూసిందే. సొంత ట్రాక్టరు లేని చిన్న రైతు, కౌలు రైతు ఇక్కడే నలుగుతున్నారు.

ధర ఎందుకు పెరుగుతున్నదయ్యా అంటే అంతర్జాతీయ మార్కెట్టు వైపు వేలు చూపిస్తారు. సగం నిజం. మనం వాడే ముడిచమురులో ఎక్కువ భాగం పైదేశాల నుంచే వస్తుంది, యుద్ధమొస్తే ధర పెరుగుతుంది. మరి అక్కడ తగ్గినప్పుడు ఇక్కడెందుకు తగ్గలేదు? 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిలు మీద ప్రభుత్వం అదుపు తీసేసింది. మార్కెట్టులో తగ్గితే మీకూ తగ్గుతుందని చెప్పారు. అప్పుడే ముడిచమురు పడిపోయింది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా కేంద్రం తొమ్మిది దఫాలుగా ఎక్సైజు పెంచి, డీజిలు మీద 13 రూపాయల 47 పైసలు అదనంగా వేసింది. 2020లో కరోనాతో ప్రపంచమంతా చమురు కొనే నాథుడు లేని రోజుల్లో, మే నెలలో ఒక్కసారే డీజిలు మీద 13 రూపాయలు, పెట్రోలు మీద 10 రూపాయలు పెంచింది. వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని రోడ్ల మీద నడుస్తున్న నెల అది. 2021 అక్టోబరు నాటికి మన రెండు రాష్ట్రాల్లో డీజిలు కూడా వంద దాటింది. ఆ తర్వాత 2021 నవంబరులో, 2022 మేలో కొంత తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో ముడిచమురు మళ్ళీ దిగితే లీటరుకు 2 రూపాయల సుంకం పెంచారు. బంకు ధర మారలేదు గనక ఆ తగ్గుదల ఖజానాకు పోయిందని చాలామందికి తెలియనే లేదు.

ఇందులో ఒక చిత్రం ఉంది, రైతులు ప్రత్యేకంగా గమనించాలి. 2021 ఫిబ్రవరి బడ్జెట్టులో వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు అని కొత్త పేరు పెట్టి డీజిలు మీద లీటరుకు 4 రూపాయలు వేశారు. పాత సుంకాలు అంతకంత తగ్గించారు గనక మొత్తం పెరగలేదు. మరి ఎందుకు చేసినట్టు? సెస్సులో రాష్ట్రాలకు వాటా పెట్టనక్కర లేదు! అప్పుడు డీజిలు మీద కేంద్రం తీసుకునే 31 రూపాయల 80 పైసల్లో రాష్ట్రాలతో పంచుకోవలసింది 1 రూపాయి 80 పైసలే. ట్రాక్టరులో డీజిలు పోయించుకునే రైతు దగ్గర వ్యవసాయం పేరుతోనే వసూలు చేయడం ఏ న్యాయం?

రాష్ట్ర ప్రభుత్వాలు కూడా చేతులు కడుక్కోవడానికి లేదు. తెలంగాణలో డీజిలు మీద వ్యాటు 27 శాతం, ఆంధ్రలో 22.25 శాతం, దాని మీద మళ్ళీ 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి. కేంద్రం సుంకం కలిపిన ధర మీద ఈ వ్యాటు వేస్తారు, అంటే పన్ను మీద పన్ను. 2021 నవంబరులో చాలా రాష్ట్రాలు తమ పన్ను తగ్గించినా మన రెండూ తగ్గించలేదు.

డబ్బు లేకపోతే ప్రభుత్వం నడిచేదెట్లా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెట్రోలియం మీద కేంద్ర ఎక్సైజు 2014-15లో సుమారు 99 వేల కోట్లు, 2020-21లో 3 లక్షల 70 వేల కోట్లు దాటింది. ఈ మధ్యలోనే, 2019 సెప్టెంబరులో, కంపెనీల ఆదాయం పన్ను 30 శాతం నుంచి 22 శాతానికి దించారు. దానివల్ల ఏటా 1 లక్షా 45 వేల కోట్లు తగ్గుతుందని ఆర్థికమంత్రే చెప్పారు. 2023-24లో మూడు ప్రభుత్వ చమురు కంపెనీల లాభం 80 వేల కోట్లు దాటింది. డబ్బు లేక కాదు, ఎవరి దగ్గర తీసుకోవాలన్నదే తేడా. కోటీశ్వరుడికీ కూలికీ ఒకే రేటున పడే పన్ను వసూలు చేయడం తేలిక, అందుకే దీన్ని పట్టుకున్నారు.

ఏం చేయాలంటే, ముందు సాగు డీజిలు మీద ఆ వ్యవసాయ సెస్సు తీసెయ్యాలి. అది ఎట్లా వేరు చేస్తారు, దొంగ లెక్కలు రాస్తారు అని అధికారులంటారు. సముద్రంలో వేటకెళ్ళే మరపడవలకు ఆంధ్ర ప్రభుత్వం 2019లో లీటరుకు 9 రూపాయల సబ్సిడీ ఇచ్చింది. 2022 కరువులో బీహారు ప్రభుత్వం సాగునీటి డీజిలుకు లీటరుకు 75 రూపాయలు ఇచ్చింది. వాళ్ళకు చేతనైంది మనకు కాదా? ఎకరానికి ఇంతని లెక్కకట్టి ఇవ్వొచ్చు. పట్టాదారు పాసుబుక్కు చూసి కాదు, సాగు చేసేవాడికి ఇవ్వాలి. కౌలు రైతును వదిలేస్తే డీజిలు పోయించుకునేది ఒకరు, సబ్సిడీ అందుకునేది ఇంకొకరు అవుతారు. ముడిచమురు పెరిగినప్పుడు సుంకం దానంతటదే తగ్గే పద్ధతి ఉండాలి. మద్దతు ధర కట్టేటప్పుడు అంతకు ముందటి కిరాయిలు కాక ఆ సీజను కిరాయిలు చూడాలి.

కూలీల సంగతి ఈ జాబితాల్లో ఎప్పుడూ చివరనే వస్తుంది, చాలాసార్లు రానేరాదు. 2005 ఉపాధి హామీ చట్టంలో 5 కిలోమీటర్లు దాటి పని చూపిస్తే 10 శాతం అదనపు కూలి ఇవ్వాలని రాశారు. అదే సూత్రం వ్యవసాయ కనీస వేతనాల జీవోలో ఎందుకు ఉండకూడదు? ప్రయాణ ఖర్చు కూలిలో కలిపి కాక, వేరుగా రాయాలి.

తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో ఆడవాళ్ళకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలుపెట్టారు. మంచి పని. కాని మిరప చేలకు పోయే దారిలో తెల్లారి అయిదింటికి బస్సేది? పల్లెవెలుగు వచ్చేసరికి కోతలు సగమవుతాయి. టిక్కెట్టు ఉచితమైన ఆడమనిషి డబ్బిచ్చి ఆటోలో ఇరుక్కుని పోతున్నది. కోతల రెండు మూడు నెలలు ఏ ఊళ్ళనుంచి ఏ ఊళ్ళకు జనం పోతారో మేస్త్రీలనడిగితే ఒక్కపూటలో తేలుతుంది. ఆ దారుల్లో ఉదయం అయిదింటికొకటి, సాయంత్రం ఆరింటికొకటి బస్సు వెయ్యాలని ప్రతి డిపోకూ అర్జీ పెట్టండి. దారుల పేర్లు, మనుషుల లెక్క రాసి మరీ పెట్టండి.