మీకు తెలుసా? నాంపల్లి కంటే పాత పట్టాల మీద బేగంపేట

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కేవాళ్లకు బేగంపేట అంటే బండి కాసేపు ఆగి కదిలిపోయే స్టేషన్. ఆ కాసేపట్లో కంటపడని సంగతులు ఇక్కడ చాలా ఉన్నాయి.

ఈ స్టేషన్ మీదుగా పోయే లైన్ నాంపల్లి స్టేషన్ కంటే 33 ఏళ్లు పెద్దది. బొంబాయి నుంచి మద్రాసు వెళ్లే రైలు మార్గం వాడి, రాయచూరు మీదుగా సాగిపోతున్న రోజుల్లో నిజాం రాజధానికి మాత్రం రైలు లేదు. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న కాలంలో, 1874లో, వాడి నుంచి సికింద్రాబాద్ వరకు నిజాం ప్రభుత్వ ఖర్చుతో వేసిన లైన్ వచ్చి ఆ లోటు తీర్చింది. నాంపల్లి స్టేషన్ 1907లో వచ్చింది, కాచిగూడ 1916లో. 1951లో నిజాం రైల్వే భారతీయ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

స్టేషన్‌కు దగ్గర్లోనే, పాత విమానాశ్రయం వైపు, ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది అక్కడే. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించాడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటించేది అందుకే. హుసేన్ ఖాన్ పేరు కూడా మన పిల్లలకు తెలియాలి.

ఇక రైళ్ల సంగతి. 2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. ఆడ్వాణీ జెండా ఊపడంతో ఎంఎంటీఎస్ మొదలైంది. రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరిసగం పెట్టుబడి పెట్టాయి. లింగంపల్లి నుంచి వచ్చే బండ్లకు బేగంపేట అసలైన కూడలి. ఇది దాటగానే హుస్సేన్‌సాగర్ జంక్షన్ దగ్గర దారి చీలుతుంది. ఒకటి నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి పోతుంది. రెండోది సంజీవయ్య పార్క్, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్ చేరి, అక్కడి నుంచి ఫలక్‌నుమా వైపు సాగుతుంది.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. రెండు దారుల బండ్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తేడా బండి నంబరు ముందున్న రెండు అక్షరాల్లో ఉంటుంది. మొదటిది బయల్దేరే చోటు, రెండోది చేరే చోటు. ఎల్ అంటే లింగంపల్లి, ఎఫ్ ఫలక్‌నుమా, హెచ్ హైదరాబాద్, అంటే మన నాంపల్లి. ఖైరతాబాద్‌లో పనున్నవాళ్లు ‘ఎల్‌హెచ్’ ఎక్కాలి. తొందరలో ‘ఎల్‌ఎఫ్’ ఎక్కితే తేలేది సికింద్రాబాద్‌లో. లింగంపల్లి వెళ్లేవాళ్లకు ఈ బెడద లేదు, ఎటునుంచి వచ్చిన బండయినా హైటెక్ సిటీ మీదుగా అక్కడికే చేరుస్తుంది.

టికెట్ కనీస ధర 5 రూపాయలు. ప్లాట్‌ఫాం టికెట్ 10 రూపాయలు! అంటే ఎవరినో సాగనంపడానికి లోపలికొచ్చేవాళ్ల కంటే ప్రయాణం చేసేవాళ్లకే తక్కువవుతుంది. రోజూ తిరిగేవాళ్లకు సీజన్ టికెట్ ఇంకా చవక. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, దుకాణాల్లో సేల్స్‌గర్ల్స్, కాలేజీ పిల్లలు ఈ బండిని ఎందుకు వదులుకోరో అర్థమవుతుంది. కరోనా కాలంలో, 2020 మార్చి నుంచి 2021 జూన్ దాకా, ఈ రైళ్లు ఆగిపోయాయి. ఆ పదిహేను నెలలూ వాళ్లలో చాలామందికి బస్సు, ఆటోల ఖర్చు మీదపడింది. మెట్రో ఉందిగా అనొచ్చు. ఉంది, నడిచి వెళ్లేంత దూరంలోనే బేగంపేట మెట్రో స్టేషన్ ఉంది. కానీ 5 రూపాయల టికెట్ అక్కడ దొరకదు.

నిజాం ఇంటి ఆడపడుచు బషీరున్నిసా బేగంకు ‘పైగా’ నవాబుల వంశంలో పెళ్లయినప్పుడు కట్నంగా దక్కిన ప్రాంతం బేగంపేట అని చెబుతారు. ఆ బేగం పేరు మోస్తున్న ఈ స్టేషన్ బాధ్యత ఇప్పుడు మహిళా ఉద్యోగులదే. రోజంతా ఎంఎంటీఎస్ బండ్లు, మధ్యలో ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు పోయే లైన్ మీద ఇదేమీ తేలిక పని కాదు. వాళ్లను మనసారా అభినందించాలి.

2025 మే 22న ప్రధాని మోదీ రాజస్థాన్‌లోని బికనేర్ జిల్లా నుంచి దేశవ్యాప్తంగా అమృత్ భారత్ పథకం కింద ఆధునికీకరించిన 103 స్టేషన్లను ప్రారంభించారు. తెలంగాణ నుంచి అందులో వరంగల్, కరీంనగర్, బేగంపేట ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్ నుంచి సూళ్లూరుపేట. బేగంపేట కొత్త భవనాన్ని కాకతీయ శిల్పశైలిలో తీర్చిదిద్దారు.

భవనం బాగుంది. ఇక పెరగాల్సింది బండ్లు. ఉదయం ఆఫీసులకు వెళ్లే వేళ, సాయంత్రం ఇళ్లకు మళ్లే వేళ ఒకదాని వెనక ఒకటి రావాలి, వేళకు రావాలి. ఖర్చు పంచుకుని మొదలుపెట్టిన సర్వీసు కాబట్టి ఆ పూచీ రైల్వేదీ, రాష్ట్ర ప్రభుత్వానిదీ కూడా.