మాటకు మారుమాట

వ్రాతలో ఒక మాటను తీసివేసి, దానికి మారుగా వేరొక మాటను చేర్చుట మనకు చిరపరిచితమైన పని. శుభలేఖ ముసాయిదాలో ముహూర్తము మారినచో పాతది కొట్టివేసి క్రొత్తది వ్రాయుదుము. ఆ పనినే వేలకొలది పుటలలో కంప్యూటరుచేత చేయింపబూనినచో ఒక చిక్కు ఎదురగును. మాట యనగా నేమియో దానికి తెలియదు. అక్షరముల వరుస మాత్రమే దానికి తెలియును.

ఉదాహరణకు, “వారు ఆలేరు వెళ్ళిరి, ఇంట లేరు” అను వాక్యమును తీసికొందము. “లేరు” అనుచోట “ఉన్నారు” అని మార్చుమని ఆజ్ఞాపించినచో, “వారు ఆఉన్నారు వెళ్ళిరి, ఇంట ఉన్నారు” అని వచ్చును! ఊరిపేరులోని చివరి రెండక్షరములు కూడ “లేరు”యే కదా! ఖమ్మము జిల్లాలోని పాలేరునకును ఇదే గతి పట్టును.

ఇది తెలుగునకే పరిమితమైన విపత్తు కాదు. యాహూ వారి ఉత్తరముల సేవలో, హానికరమైన ఆజ్ఞలను అడ్డుటకై “ఎవాల్” అను వరుసను “రివ్యూ”గా మార్చు ఏర్పాటుండెను. ఫలితముగ మధ్యయుగమునకు సంబంధించిన “మెడీవల్” అను ఇంగ్లీషు మాట “మెడిరివ్యూ”గా మారిపోవుచున్నట్లు 2002లో వెల్లడియైనది.

దీనికి విరుగుడు, మాటకు ఎల్లలు చూపుట. వెదకిన వరుసకు ముందుగాని వెనుకగాని మరియొక అక్షరము అంటియున్నచో దానిని ముట్టరాదని నియమము పెట్టుదురు. అక్షరముల అమరికను సూత్రరూపమున చెప్పు ఈ విద్యకు గణితశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్లీనీ 1950 దశకములో పునాది వేసెను. కెన్ థాంప్సన్ 1968లో దానిని కంప్యూటరు వెదకులాటకు అన్వయించు పద్ధతిని ప్రకటించెను.

అయితే ఇంగ్లీషునకు కుట్టిన చొక్కా తెలుగునకు సరిపడలేదు. పైథాన్ భాషలోని సాధారణమైన వెదకు పరికరము మన గుణింతపు గుర్తులను అక్షరములుగా లెక్కింపదు. “లేరు” చివరనున్న కొమ్ము దానికి అక్షరము కాదు గనుక, అక్కడ మాట ముగిసినదని అది గుర్తింపజాలదు. ఊరిపేరును కాపాడబోయి అసలు “లేరు”నే విడిచిపెట్టును. కావున ఎల్లను మనమే నిర్వచింపవలెను: యూనికోడులో తెలుగునకు కేటాయించిన 128 స్థానములలోని ఏ గుర్తును ఇరుప్రక్కల ఉండరాదని చెప్పినచో ఈ చిక్కు విడును.

ఇంకొక చిక్కు విభక్తులది. 2016 అక్టోబరు 11న, అంతవరకు నల్లగొండ జిల్లాలోనుండిన ఆలేరు, క్రొత్తగా ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరెను. చిరునామాలలో జిల్లా పేరు మార్చవలసివచ్చినది. పూర్తిమాటనే మార్చుమన్నచో “నల్లగొండలో”, “నల్లగొండకు” అనునవి మిగిలిపోవును. అంటియున్నను మార్చుమన్నచో “భువనగిరికు”, “భువనగిరిను” అను అపశబ్దములు పుట్టును. ఇకారాంతము తరువాత “కి”, “ని” రావలెను గదా! అందుచేత ఒక్కొక్క రూపమునకు తగిన జంటను పట్టికగా వ్రాసి ఇయ్యవలెను. “నల్గొండ” అని వ్రాయువారును కలరు. ఆ రూపమును పట్టికలో చేరవలసినదే.

ఇన్నియు సరిచూచినను అర్థము మిగిలియేయుండును. నల్లగొండ పట్టణము ఎక్కడికిని కదలలేదు. దాని పేరు మార్చరాదు. అట్లే 1975లో ఆలేరున జన్మించినవాని జన్మపత్రములో నల్లగొండ జిల్లా యని యుండుటయే న్యాయము. దానిని మార్చినచో, ఆనాటికి లేని జిల్లా ఆ కాగితముపై వెలయును. ఒకే మనిషి పత్రములు రెండు విధములుగా పలుకును. ఆ భేదమునకు సంజాయిషీ చెప్పుకొనుచు కచేరీల చుట్టు తిరుగువాడు ఆ మనిషియే గాని కంప్యూటరు కాదు.

అందువలన అనుభవజ్ఞులు ముందుగా మూలమునకు నకలు దాచుదురు. పిమ్మట మార్పు చేయక, మారబోవు పంక్తులను మాత్రము చూపుమని అడిగి, వానిని కంటితో చదువుదురు. ఒకే మార్పును రెండుమారులు చేయింపరు; చేయించినచో “భువనగిరి”ని “యాదాద్రి భువనగిరి” చేయబోయి, “యాదాద్రి యాదాద్రి భువనగిరి” చేసినట్లగును. వేగము యంత్రమునది, వివేకము మనది. ఏ మాటను మార్చవలెనో చెప్పుట సులభమే. దేనిని మార్చరాదో ముందుగా నిర్ణయించుకొనుటయే ఈ పనిలోని మెలకువ.