కందుకూరివారి గృహమును దూరస్థులకుఁ జూపు విధము

రాజమహేంద్రవరమునఁ గందుకూరి వీరేశలింగముపంతులుగారి (1848-1919) గృహము నేఁడును రక్షింపఁబడుచున్నది. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని వారు జరిపించిన మొదటి వితంతువివాహమునకు నదియే వేదిక. అచటికిఁ బోఁజాలని విద్యార్థులకు దీనిని యంత్రముఖమునఁ జూపవచ్చును. గదినడుమఁ గెమెరా నిలిపి, నలుదిక్కులను, మీఁదను, క్రిందను, ఒకదాని యంచు మఱియొకదానిపైఁ బడునట్లు ఛాయాచిత్రములు దీయవలెను. కంప్యూటరు వానిని గోళాకారముగఁ గూర్చును. చూచువాఁడు తానే తల త్రిప్పినట్లు గదినెల్లఁ గాంచును. ద్వారములకడ నుంచిన గుర్తులు గదినుండి గదికిఁ గొనిపోవును.

ఇది సంధికార్యమువంటిది. అతుకు కనఁబడరాదు, కాని పదవిభాగ మెఱుఁగనిదే యర్థము స్ఫురింపదు. కావున నేది ప్రాచీనమో, యేది పిమ్మట బాగుచేయఁబడినదో, యేది యూహాకల్పితమో వేర్వేఱుగఁ దెలుపవలెను. లేనిచో నూహయే చరిత్రమని విద్యార్థులు నమ్ముదురు. చిత్రము స్పష్టమైనంతమాత్రమున సత్యమునకుఁ బ్రమాణము గాదు.