పాత పెట్రోలు జీపుకు ఎలక్ట్రానిక్ ఇంజెక్షను



వ్యవసాయం మనిషి ఇంజను సంగతులు మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కాని జీపుకూ మన పనికీ సంబంధం చాలా పాతది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయినది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయితీ సమితులు వచ్చినవి. ఆ రోజుల్లో అధికారి ఊరికి వచ్చినా, కొత్త విత్తనం కబురు వచ్చినా జీపు మీదనే రావాలి. అటువంటి పాత బండ్లు తరువాత వేలంలో రైతుల చేతికి వచ్చినవి. కొన్ని ఈనాటికీ మెట్ట దారుల్లో తిరుగుతూనే ఉన్నవి. వాటి యజమానులు నన్ను అడిగే ప్రశ్న ఒకటున్నది. "కార్బురేటరు తీసేసి, కొత్త కార్లకు ఉన్నట్టు ఎలక్ట్రానిక్ ఇంజెక్షను పెట్టించుకోవచ్చునా?"

పెట్టించుకోవచ్చు. అయితే డబ్బు పోకుండా, ప్రాణానికి ముప్పు రాకుండా అది ఎలా చేయించుకోవాలో తెలియాలి. ఈ మాటలు పెట్రోలు ఇంజనుకే వర్తిస్తాయి. జీపులో డీజిలు ఇంజను ఉన్నవారికి దీనితో పని లేదు.

ముందుగా కార్బురేటరు పని చూద్దాం. గాలి పోయే దారిలో ఒకచోట గొంతు సన్నగా ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఆ లాగుడుకు పక్కనున్న గిన్నెలోని పెట్రోలు జెట్టు రంధ్రం గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. ఎంత తేలిక ఏర్పాటో చూడండి! కరెంటు అక్కరలేదు, తీగలు అక్కరలేదు. కాని దానికి తెలివి లేదు. చలి పొద్దయినా, వైశాఖపు ఎండయినా రంధ్రం అంతే. ట్యాంకులో పోసిన పెట్రోలు మారినా రంధ్రం అంతే.

పెట్రోలు మారడమేమిటంటారా? చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి తీసిన ఇథనాలును ఇప్పుడు పెట్రోలులో కలుపుతున్నారు. 2025 నాటికి మన దేశంలో ఇది నూటికి 20 పాళ్ళకు వచ్చింది. అంటే మన చేనులో పండినదే మన ట్యాంకులోకి వస్తున్నదన్నమాట. రైతుకు ఇది మంచి మాటే. కాని పాత ఇంజను సంగతి వేరు. ఒక కిలో అచ్చమైన పెట్రోలు సరిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఒక కిలో ఇథనాలుకు 9 కిలోల గాలి చాలు. 20 పాళ్ళ మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు. పాత జెట్టు పాత లెక్క ప్రకారమే పోస్తుంది గనుక, గాలి ఎక్కువై, మిశ్రమం నూటికి ఏడెనిమిది వంతులు పలచబడుతుంది. పలచబడితే ఇంజను దగ్గుతుంది, లాగదు, వేడెక్కుతుంది. ఎక్కువకాలం అలాగే నడిపితే వాల్వులు కాలిపోతాయి.

ఇక ఇంజెక్షను పద్ధతి. మీ ఇంట్లో 2020 ఏప్రిల్ తరువాత కొన్న మోటారు సైకిలు ఉంటే ఈ పద్ధతి మీకు తెలియకుండానే మీ ఇంట్లో ఉండవచ్చు. బి.ఎస్. 6 నిబంధన వచ్చాక కొత్త బండ్లు చాలావరకు దీనికి మారాయి. ఇది కొత్త కల్పన కూడా కాదు. 1967లోనే జర్మనీలో బాష్ కంపెనీ చేసిన ఎలక్ట్రానిక్ ఇంజెక్షనుతో ఫోక్స్‌వాగన్ 1600 కారు వచ్చింది.

ఇందులో లాగుడు లేదు, లెక్క ఉన్నది. ఇంజను లోపలికి గాలి ఎంత ఒత్తిడిలో వస్తున్నది, ఆ గాలి వేడి ఎంత, రేడియేటరు నీటి వేడి ఎంత, యాక్సిలరేటరు ఎంత తొక్కారు, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నది అనేవాటిని సెన్సర్లు కొలిచి ఒక చిన్న కంప్యూటరుకు చెప్తాయి. అది లెక్కవేసి, ఇంజెక్టరు నోరు వెయ్యి భాగాల సెకనులో కొన్ని భాగాలసేపు తెరుస్తుంది. ఎంతసేపు తెరిస్తే అంత పెట్రోలు. సైలెన్సరు గొట్టంలో మరొక సెన్సరు ఉంటుంది. కాలిపోయిన పొగలో ఆక్సిజను ఎంత మిగిలిందో అది చూస్తుంది. ఎక్కువ మిగిలితే పెట్రోలు చాలలేదని, తక్కువ మిగిలితే ఎక్కువయిందని తెలుసుకుని కంప్యూటరు సర్దుకుంటుంది. ఇథనాలు కలిసినా సర్దుకోగలిగేది అందువల్లనే.

విస్తరణ కార్యకర్తలకు ఒక్క మాటలో చెప్పాలంటే, కార్బురేటరు అనేది అలవాటు ప్రకారం ఎకరానికి ఇన్ని బస్తాల ఎరువని చల్లడం. ఇంజెక్షను అనేది భూసార పరీక్ష చేయించి వేయడం. మరి భూసార పరీక్షలో అసలు కిటుకేమిటి? నమూనా సరిగా తీయడం. పెంటకుప్ప పక్కన మట్టి తీసి పంపిస్తే ప్రయోగశాల తప్పు చెప్పదు, మనమే తప్పు మట్టి పంపాము. ఇక్కడా అంతే. కంప్యూటరు ఇంజనును బాగుచేయదు. సెన్సరు ఏం చెప్తే అది నమ్ముతుంది.

ఈ పాఠం మా ఇంట్లోనే నేర్చుకున్నాము. మా పెదనాన్న జీపు విల్లీస్ సి.జె. 3బి నమూనా. విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన ఈ నమూనాను మహీంద్రా సంస్థ మన దేశంలో చాలా ఏండ్లు తయారుచేసింది. నాలుగు సిలిండర్ల ఇంజను, సుమారు 2,200 సి.సి. ఆయన ముచ్చటపడి దానికి ఇంజెక్షను పెట్టించారు. నెల తిరగకుండా నాకు కబురు చేశారు. "ఒరే అబ్బాయీ, లీటరుకు రెండు కిలోమీటర్లు పెరుగుతుందన్నార్రా. పెరగలేదు సరిగదా, తాగుడు ఎక్కువైంది. ప్లగ్గులు చూడు, మసిబొగ్గుల్లా ఉన్నాయి."

బిగించినవారు రెండుసార్లు కంప్యూటరు లెక్కలు మార్చారు. లాభం లేకపోయింది. చివరకు తెలిసినదేమంటే, ఇంజనుకు సైలెన్సరు గొట్టం కలిసేచోట ప్యాకింగు చిట్లింది. ఆ సందు గుండా బయటి గాలి లోపలికి పోతున్నది. సెన్సరు ఆ గాలిని చూసి, ఆక్సిజను ఎక్కువున్నది, పెట్రోలు చాలడం లేదని చెప్తున్నది. కంప్యూటరు పాపం ఇంకా ఇంకా పోస్తున్నది. కొత్త ప్యాకింగు వేస్తే జబ్బు పోయింది.

అంతకన్నా పెద్ద సంగతి అప్పుడే బయటపడింది. సీటు ఎత్తి చూస్తే పెట్రోలు వాసన. ఈ జీపులో ట్యాంకు డ్రైవరు సీటు క్రిందనే ఉంటుంది. పంపు దగ్గర మామూలు రబ్బరు గొట్టం వేసి, ఒక క్లిప్పు బిగించారు. అక్కడ చెమర్చి బొట్టు బొట్టుగా కారుతున్నది. మా పెదనాన్న చుట్ట కాల్చే మనిషి. ఆ బొట్టు చూసినప్పుడు మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

అందుచేత పని ఏ వరుసలో చేయించాలో జాగ్రత్తగా గుర్తుంచుకోండి.

మొదటిది, ఇంజను ఆరోగ్యం. నాలుగు సిలిండర్ల కంప్రెషను గేజీతో చూపించండి. వాటిలో ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువున్నా, ఆయిలు పొగ వస్తున్నా ముందు దాన్ని బాగుచేయించండి. ఆయిలు మండే ఇంజనులో పొగ సెన్సరు త్వరగా పాడవుతుంది. వాల్వుల సందు, ప్లగ్గులు, సైలెన్సరు ప్యాకింగులు సరిచూడాలి. చాలాసార్లు ఇక్కడికే సగం జబ్బు తీరి, ఇంజెక్షను అవసరమే లేకపోవచ్చు.

రెండవది, ఏ రకం ఎంచుకోవాలి? ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఇంజెక్టరు ఉండే రకం కొత్త కార్లలో ఉంటుంది. ఈ జీపు ఇంజనులో గాలి పోయే దారులు సిలిండరు హెడ్డులోనే పోతపోసి ఉన్నవి. విడిగా గొట్టం లేదు గనుక నాలుగు ఇంజెక్టర్లు పెట్టడం కష్టం. కార్బురేటరు కూర్చున్న చోటనే, ఒక పలక మధ్యన వేసి, ఇంజెక్టరుతో కూడిన థ్రాటిలు బాడీ బిగించడం దీనికి తగిన పద్ధతి. హెడ్డును కోయనక్కర లేదు. రేపు వద్దనుకుంటే పాత కార్బురేటరు తిరిగి పెట్టుకోవచ్చు. అందుకని దాన్ని పారవేయకండి. గుడ్డలో చుట్టి దాచండి.

మూడవది, పెట్రోలు దారి. ముఖ్యమైనది ఇదే. పాత పంపు చదరపు అంగుళానికి మూడు నాలుగు పౌండ్ల ఒత్తిడి ఇస్తుంది. ఇంజెక్షను పంపు ఒత్తిడి చాలా రకాల్లో 40 నుంచి 60 పౌండ్లు. మీ జీపు టైరులో గాలి 30 పౌండ్లు ఉంటుందేమో! దానికన్నా ఎక్కువ ఒత్తిడితో పెట్రోలు మీ సీటు క్రింద ఉంటుందన్నమాట. గొట్టం మీద ఎస్.ఎ.ఇ. 30 ఆర్ 9 అని ముద్ర ఉన్నదో లేదో మీరే చదవండి. అది 100 పౌండ్ల దాకా తట్టుకుంటుంది, ఇథనాలుకూ చెడదు. 30 ఆర్ 7 అని ఉంటే అది కార్బురేటరు గొట్టం. ఇక్కడ పనికిరాదు. క్లిప్పులు కూడా ఇంజెక్షనుకు చేసినవే కావాలి. ఎలక్ట్రిక్ పంపు తోయగలదు గాని బాగా పీల్చలేదు. అందుచేత ట్యాంకు లోపలగాని, ట్యాంకు అడుగు మట్టానికి దగ్గరగా గాని దాన్ని పెట్టించాలి. పెట్రోలు తిరిగి వచ్చే గొట్టం అవసరమైన రకమైతే అది ట్యాంకులోకే పోవాలి. ట్యాంకు లోపల తుప్పు కడిగించండి. ఇథనాలు తేమను పీలుస్తుంది. వానాకాలంలో నెలల తరబడి బండి కదలకపోతే అడుగున నీళ్ళు చేరతాయి. ఆ నీళ్ళూ తుప్పూ ఇంజెక్టరుకు విషంతో సమానం.

నాలుగవది, కరెంటు. పాత డైనమో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. ఇప్పుడు పంపూ, కంప్యూటరూ, పొగ సెన్సరులోని వేడి తీగా అన్నీ ఆ బ్యాటరీ మీదనే బతకాలి. కాబట్టి 12 వోల్టుల ఆల్టర్నేటరు పెట్టించండి. ఇంజను నుంచి ఛాసిస్‌కూ, బ్యాటరీకీ మంచి ఎర్తు తీగలు వేయించండి. ప్లగ్గు తీగలు రెసిస్టరు రకం కావాలి. మామూలు రాగి తీగల నుంచి వచ్చే చప్పుడు సెన్సర్ల సంకేతాల్లో కలిసి కంప్యూటరును తికమక పెడుతుంది.

ఐదవది, బండి తెచ్చుకునే ముందు మీరే చేయవలసిన పరీక్ష. తాళం తిప్పండి, స్టార్టు చేయకండి. పంపు ఒకటి రెండు సెకన్లు గుంయ్‌మని ఆగిపోవాలి. ఇంజను తిరగకుండానే పంపు ఆగకుండా నడుస్తుంటే ఆ బండిని తీసుకోవద్దు. గొట్టం తెగినా, బండి బోల్తాపడినా ఆ పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు పంపును ఆపే స్విచ్చి కూడా అడిగి వేయించండి. తరువాత ఇంజను నడుస్తుండగా ప్రతి అతుకు దగ్గరా పొడిగుడ్డతో తుడిచి, గుడ్డ వాసన చూడండి. రెండు రోజులు తిప్పి మళ్ళీ చూడండి. చుట్ట, బీడీ దూరంగా ఉంచాలని వేరే చెప్పనక్కరలేదు గదా!

మరొక మాట. మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షను బండిలో చేసే మార్పులను గురించి చెప్తుంది. రిజిస్ట్రేషను కాగితంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండి మారకూడదు. పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో అడగండి. భీమా కంపెనీకీ తెలియజేయండి. కాగితం లేని మార్పు ప్రమాదం జరిగిన రోజున మెడకు చుట్టుకుంటుంది.

ఇక అసలు ప్రశ్న. ఇది మీకు కావాలా? రోజూ దూరం తిరిగే బండి, ఇంజను గట్టిగా ఉన్న బండి, తెల్లవారుజామున చోకు లాగి లాగి విసిగిపోయిన యజమాని అయితే ఇంజెక్షను మంచిదే. చలిలో వెంటనే అందుకుంటుంది, ఎండలో పెట్రోలు ఆవిరై ఆగిపోవడం తగ్గుతుంది. కాని వారానికొకసారి చేను దాకా వెళ్ళివచ్చే బండికి అంత ఖర్చు దండుగ. ఇథనాలుకు చెడని రబ్బరు గొట్టాలూ, పంపు డయాఫ్రమూ, ప్యాకింగులూ మార్పించండి. తెలిసిన మెకానిక్కు చేత కొంచెం పెద్ద జెట్టు వేయించండి. ఏదయినా సరే, లీటరుకు కొంత దూరం తగ్గక తప్పదు. ఇథనాలులో పెట్రోలుకన్నా శక్తి మూడో వంతు తక్కువ. లేని శక్తిని కంప్యూటరు పుట్టించలేదు.

మా పెదనాన్న జీపు ఇప్పుడు చక్కగా తిరుగుతున్నది. ఆదివారం ఆదివారం ఆయన సీటు ఎత్తి, అతుకులన్నీ గుడ్డతో తుడిచి వాసన చూస్తారు. "పశువుకు రోజూ పళ్ళు చూడం గాని, ముట్టె తడి ఉందో లేదో చూస్తాం గదరా" అంటారు. మీరూ ఆ అలవాటు చేసుకోండి. విస్తరణ కార్యకర్తలారా, మీ గ్రామంలో పాత జీపున్న రైతుకు ఈ ఒక్క ముక్క చెప్పండి: ముందు ఇంజను, తరువాత గొట్టం, ఆ తరువాతే కంప్యూటరు.