చవక వానకోటు వెనక ఎవరి చెమట?

పోయిన నెల మా మనవడు కాలేజీ స్నేహితులతో నాగలాపురం కొండలకు ట్రెక్కింగ్ వెళ్తానన్నాడు. దానికి వానకోటు, వీపున తగిలించుకునే సంచి కావాలన్నాడు. సాయంత్రం కోడంబాక్కం స్టేషన్లో రైలెక్కి, మాంబలంలో దిగి, బజారులో రెండూ కొనుక్కొచ్చాడు. "తాతా, కోటు ఏడొందల తొంభైతొమ్మిదే! పెద్ద షోరూములో ఇదే రకం నాలుగు వేలు" అని ఒకటే సంబరం.

నేను కోటు తీసుకుని ముందు లోపలివైపు తిరగేశాను. అది నా అలవాటు. ఇరవై ఏళ్ళు మిల్లులో నేత పని, అది మూతపడ్డాక ఇంకో ఇరవై ఏళ్ళు గిండీ వైపు ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీలో చెకింగ్ పని చేశాను. బట్ట ఎవరిచ్చినా కుట్టు చూడందే నా చెయ్యి ఊరుకోదు.

కుట్టు బాగానే ఉంది. నీళ్ళు లోపలికి దిగకుండా ప్రతి కుట్టు మీదా టేపు వేడిగాలి మిషన్‌తో అతికించారు. ఆ టేపు మెలిక పడకుండా చంక దగ్గర తిప్పడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. కత్తిరించేవాళ్ళు, జేబు పెట్టేవాళ్ళు, జిప్పు వేసేవాళ్ళు, టోపీ అతికేవాళ్ళు, దారాలు కత్తిరించేవాళ్ళు, చెకింగ్, ఇస్త్రీ, ప్యాకింగ్. ఎంత లేదన్నా పాతిక మంది చేతులు దాటితేగాని ఆ కోటు పెట్టెలో పడదు. మెడ దగ్గర లేబుల్ మీద బంగ్లాదేశ్ అని ఉంది.

బట్టకు ఒక ధర, జిప్పుకు ఒక ధర, ఓడకు, లారీకి ఒక ధర. వాటిని ఎంతో తగ్గించలేరు. షాపు అద్దె, షాపువాడి లాభం అవీ తీసెయ్యండి. చివరికి తగ్గించడానికి సులువుగా దొరికేది కుట్టినవాళ్ళ కూలి ఒక్కటే.

బంగ్లాదేశ్ అంటే నాకు ఒక తేదీ గుర్తొస్తుంది. 2013 ఏప్రిల్ 24. ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల బిల్డింగు కూలిపోయింది. 1,134 మంది చనిపోయారు, ఎక్కువమంది కుట్టుపని చేసే ఆడపిల్లలు. ముందు రోజే గోడలు బీటలు వారాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని రావద్దంది. కుట్టేవాళ్ళను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. ఆర్డర్ టైముకి వెళ్ళాలి కదా!

ఇదంతా చెప్తుంటే మనవడి మొహం చిన్నబోయింది. "అయితే తిరిగి ఇచ్చేసి, నాలుగు వేలది కొనమంటావా?" అన్నాడు.

ఇక్కడే నేను నిజం చెప్పాలి. మా కంపెనీలో ఒకే లైను మీద పొద్దున చవక షాపు లేబుల్, మధ్యాహ్నం ఖరీదైన లేబుల్ కుట్టేవాళ్ళు. మిషన్ అదే, పిల్లలు వాళ్ళే, జీతం కూడా అదే. ధర ఎక్కువైతే కూలి ఎక్కువని నమ్మితే మోసపోతాం.

నేనూ తప్పు చేశాను. ఒక ఆర్డరప్పుడు నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల కుట్టిన పీసులు వరసగా రిజెక్ట్ చేశాను. కుట్టు వంకర పోయిన మాట నిజమే. కానీ రెండు రోజులుగా రాత్రి పది దాకా ఆమెను కూర్చోబెట్టారు, ఆ కళ్ళకు సూది ఎట్లా కనపడుతుంది? ఆ నెల ఆమె జీతంలో కోత పడింది. ఏడుస్తూ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "రూలు అమ్మా" అన్నాను. సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అడగలేదు. నా ఉద్యోగం నాకు ముద్దు.

మా కోడలు ఇప్పుడు అంబత్తూరులో కుట్టుపనికి వెళ్తోంది. ఈ మాటలన్నీ విని, "మామయ్యా, అందరూ కొనడం మానేస్తే మా లైను మూసేస్తారు. అప్పుడు మీరు పెడతారా అన్నం?" అంది. ఆమె అన్నదీ న్యాయమే. చవక బట్ట కుట్టేదీ మనమే, చవక బట్ట తప్ప కొనలేనిదీ మనమే. ఆమె జీతానికి నాలుగు వేల కోటు ఎక్కడ కొంటుంది?

మరి దారేది? మన మద్రాసులోనే ఉంది. 1918 ఏప్రిల్ 27న పెరంబూరు మిల్లు కార్మికుల కోసం మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు దాన్ని మొదలుపెడితే బి.పి. వాడియా అధ్యక్షుడయ్యాడు. ఆ మిల్లుల ఖాకీ బట్ట తొడుక్కున్న సిపాయిలు ఎవరూ కార్మికుల కూలి పెంచలేదు. కార్మికులు కలిసి అడిగారు, సమ్మె చేశారు, లాకౌట్లు, తుపాకీ దెబ్బలు కూడా చూశారు.

ఇప్పటి కాలంలో కూడా అంతే. రాణా ప్లాజా తర్వాత 2013 మే నెలలో విదేశీ కంపెనీలు, కార్మిక సంఘాలు కలిసి బిల్డింగుల తనిఖీకి చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నాయి. మన రాష్ట్రంలో కుట్టుపని కనీస వేతనం 2014లో పెంచితే యజమానులు కోర్టుకెక్కారు. 2016లో మద్రాసు హైకోర్టు ఆ పెంపు చెల్లుతుందంది. 2021 జనవరిలో దిండిగల్ వైపు ఒక దళిత కార్మికురాలు హత్యకు గురైంది. ఆ తర్వాత ఆడవాళ్ళే నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ పోరాడి 2022 ఏప్రిల్‌లో దిండిగల్ ఒప్పందం సాధించింది. వేధింపులు జరిగితే ఫిర్యాదు తీసుకునేందుకు ఫ్యాక్టరీ లోపలే కార్మికుల్లోంచి మనుషుల్ని పెట్టారు. మాట తప్పితే కొనే కంపెనీ కూడా ఊరుకోకూడదని రాసుకున్నారు.

అందుకని మన పేటల్లోని తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది. కొనేటప్పుడు అవసరమైందే కొనండి, కొన్నది చిరిగేదాకా వాడండి, చిరిగితే కుట్టించండి. చవకగా కొన్నామని సిగ్గుపడక్కర్లేదు. చవకది కదా అని రెండు వానలకు పారెయ్యడమే తప్పు. మీ ఇంటి పిల్ల కుట్టుపనికి వెళ్తుంటే జీతం చీటీ అడగండి, పీఎఫ్, ఇఎస్ఐ కడుతున్నారో లేదో చూడండి. చట్టం చెప్పిన పనిగంటలు దాటి చేయిస్తే ఆ పైగంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచీ ఉన్న హక్కు. ఒక్కరే అడిగితే గేటు చూపిస్తారు. పదిమందిని కలుపుకుని అడగమనండి.

మనవడు కోటు తిరిగి ఇవ్వలేదు. నేనే వద్దన్నాను. కొండ నుంచి వచ్చాక చూస్తే జేబు దగ్గర ముల్లు గీసుకుని చిరిగింది. మా కోడలు పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మిషన్ ముందు కూర్చుని ఐదు నిమిషాల్లో కుట్టేసింది. నేను లోపలివైపు తిరగేసి చూశాను. కుట్టు నిఖార్సుగా ఉంది. "బాగుందమ్మా" అన్నాను.

ఆ నెల్లూరు పిల్లకు ఇరవై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.