పాత క్యాంపర్ వ్యాను కొంటున్నారా? ముందు పైకప్పు మీద నీళ్లు పోయండి

హోసూరు: లోపల రెండు మంచాలు, మడిచే బల్ల, చిన్న ఫ్రిజ్, ఒక మూల పొయ్యి. కిటికీలకు పూల తెరలు. అమ్మేవాడు తలుపు తీయగానే ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చుంటారు. ఇంక బేరం అయిపోయినట్టే. ఇంజను చప్పుడు విని, చుట్టూ ఒక రౌండు కొట్టి అడ్వాన్సు చేతిలో పెట్టేస్తారు. ఇబ్బందులు మొదలయ్యేది ఆ తర్వాతే.

తిరుపతికో, కుప్పంలో చుట్టాల పెళ్లికో, మైసూరు మీదుగా ఊటీకో పిల్లాజెల్లాతో బయలుదేరే హోసూరు తెలుగువాళ్లకు, లాడ్జీ వెతుక్కునే పని లేని బండి అంటే ఆశ ఉండదా మరి! కొత్తగా కట్టించుకోవాలంటే లక్షల మాట. 40 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు ఉంది. టెంపో ట్రావెలర్ లాంటి వ్యాన్లలో సీట్లు పీకేసి మంచాలు వేసి, కొన్నాళ్లు వాడి అమ్మేసే బండ్లు అక్కడ దొరుకుతుంటాయి. కన్ను వాటి మీద పడుతుంది.

అశోక్ లేలాండ్, టీవీఎస్ ఫ్యాక్టరీలున్న ఊరిది. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేవాళ్లకు కొదవ లేదు. కానీ క్యాంపర్ అంటే సగం బండి, సగం ఇల్లు. ఆ రెండో సగాన్ని ఎవరూ చూడరు.

బకెట్ పరీక్ష

ఏసీ కోసమో, గాలి ఫ్యాను కోసమో పైకప్పుకు కన్నం చేసి ఉంటారు. వాన నీళ్లు దిగేది ముందు అక్కడే. కొనేముందు పైన పావుగంట ట్యూబుతో నీళ్లు కొట్టించి, లోపల ఒక మనిషి టార్చిలైటుతో మూలమూలా చూడాలి. కిటికీల రబ్బరు బీడింగు దగ్గర, మంచం కింద ప్లైవుడ్ దగ్గర బొటనవేలితో నొక్కాలి. మెత్తగా దిగిందంటే లోపల కుళ్లినట్టే. బండంతా పాతగా ఉండి ఒక్క తావున మాత్రం కొత్త పెయింటో, కొత్త షీటో కనిపిస్తే అడగాల్సిందే. అగరొత్తుల వాసన గుప్పున కొట్టినా అనుమానించాలి. చెమ్మ వాసనను కప్పడానికి అంతకంటే చవకైన మార్గం లేదు.

నీళ్ల ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, బ్లీచింగ్ నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి పారబోయాలి. మళ్లీ రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. అలా చేసినా అది చేతులు కడుక్కోవడానికే. తాగడానికి క్యాను నీళ్లు వేరే పెట్టుకోవడం మంచిది.

గ్యాసుతో ఆటలొద్దు

2023 ఆగస్టులో మదురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు లేచి 9 మంది చనిపోయారు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగిన క్యారవాన్‌లో ఇద్దరు శవాలై కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి తెలిసే అవకాశమే లేదు.

వంట గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, మంచాల కింద నేల మీద పేరుకుంటుంది. పైన ఎన్ని కిటికీలున్నా లాభం లేదు. సిలిండర్ ఉన్నచోట అడుగున బయటికి కన్నం ఉండాల్సిందే. చాలామంది దుమ్ము వస్తోందని దాన్ని గుడ్డలు కుక్కి మూసేస్తారు. వంగి చూడండి. పాత ట్యూబు ఎంత బాగున్నా పీకేసి ఐఎస్ఐ గుర్తున్న కొత్తది వేయించాలి. బిగింపుల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసే ధైర్యవంతులు ఇప్పటికీ ఉన్నారు!

సిలిండర్ పైభాగంలో ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెలు ఉంటాయి. సి-27 అంటే 2027 జూలై నుంచి సెప్టెంబరు లోపు దానికి పరీక్ష చేయించాలని అర్థం. గడువు దాటినది తీసుకోవద్దు. బండి కదిలేటప్పుడు రెగ్యులేటర్ ఆఫ్ చేసి, సిలిండర్‌ను నిలువుగా బెల్టుతో బిగించాలి. పడుకునేటప్పుడు పొయ్యి, బొగ్గుల కుంపటి, జనరేటర్ ఏదీ నడవకూడదు. ఇంజను నడుపుతూ ఏసీ వేసుకుని పడుకోవడమూ అంతే ప్రమాదం. తలుపు పక్కన మంటలార్పే పౌడరు సిలిండర్ ఒకటి చేతికి అందేలా ఉండాలి.

కరెంటు సంగతికొస్తే, ఇంజను బ్యాటరీ కాక ఇంటి వాడకానికి ఇంకో బ్యాటరీ ఉంటుంది. చార్జింగ్ తీసేసి కొన్ని గంటలు వదిలాక మీటరు పెడితే మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర నిలవాలి. 12 కంటే కిందికి దిగిపోతే దాని ధర బేరంలో తగ్గించుకోవచ్చు. బ్యాటరీ పక్కన ఫ్యూజు లేకుండా సన్నటి వైరుతో ఇన్వర్టర్‌కు లైను లాగి ఉంటే ఆ వైరింగంతా మార్పించాల్సిందే. నెలల తరబడి నిలబెట్టిన బండ్లలో వైర్లను ఎలుకలు కొరికి ఉంటాయి, అదీ చూడాలి.

కాటా మీద నిలబెట్టండి

ట్యాంకులో 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. మంచాలు, బ్యాటరీలు, ఫ్రిజ్, ఆపైన ఇంటిల్లిపాదీ. అన్నీ నింపుకుని లారీల కాటాకు వెళ్లి తూకం వేయించి, ఆర్‌సీలో రాసిన మొత్తం బరువుతో పోల్చుకోవాలి. ఎక్కువొస్తే సామాను దించాలి తప్ప స్ప్రింగుకు పట్టీ వేయిస్తే సరిపోదు. బ్రేకులు, టైర్లు ఆ బరువుకు చేసినవి కావు.

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 3518 అని ఉంటే 2018లో 35వ వారం తయారైందని. తక్కువ తిరిగిన బండి కాబట్టి గట్లు కొత్తగా మెరుస్తాయి, రబ్బరు మాత్రం ఎండి పగిలి ఉంటుంది. స్టెప్నీని కూడా దించి చూడాలి.

కేఏ నంబరుతో టీఎన్‌లో

సరిహద్దులో ఉన్న మనకు అసలు తలనొప్పి ఇదే. కర్ణాటక బండిని 12 నెలలకు మించి తమిళనాడులో ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అంటే టీఎన్ 70 కావాలి. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, పేరు మార్పిడికి ఫారం 29, 30, బ్యాంకు అప్పు ఉంటే తీరినట్టు ఫారం 35. ఇక్కడ పన్ను కట్టాక, కర్ణాటకలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు. ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకపోవడం మేలు. పాత చలాన్లు ఆన్‌లైన్‌లో ముందే చూసుకోవచ్చు.

పసుపు బోర్డు బండి చవగ్గా వస్తోందంటే ఆగి ఆలోచించాలి. అది టాక్సీగా నమోదైన బండి. తెల్ల బోర్డుకు మార్చడానికి ఆర్టీఓ అనుమతి కావాలి. ఆర్‌సీలో 13 సీట్లుండి లోపల నాలుగే ఉంటే, ఆ మార్పు ఎక్కడ నమోదైందో అడగాలి. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పులు చెల్లవు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు కంపెనీ ముందు తీసేది ఆ కాగితమే. పాలసీని 14 రోజుల్లో సొంత పేరుకు మార్పించుకోవాలి.

మొదటి రాత్రి ఇంటి ముందే

అన్నీ అయ్యాక నేరుగా తిరుపతికి బయలుదేరొద్దు. ఒక రాత్రి ఇంటి ముందే నిలబెట్టి అందులో వండుకుని, పడుకుని చూడండి. ఏ లైటు వెలగదో, ఏ కుళాయి కారుతుందో తెల్లారేసరికి తెలుస్తుంది. తర్వాత శూలగిరి మీదుగా కృష్ణగిరి డ్యాం దాకా వెళ్లి రావచ్చు. ఏదైనా తేడా వస్తే హైవే మీద మెకానిక్ దొరుకుతాడు.

ఆ తర్వాతే మాలూరు, కోలారు, ముళబాగిలు, పలమనేరు దారి. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. ఇంటిని మోసుకుంటూ దిగే బండికి బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే డ్రమ్ములు కాలిపోతాయి. ఎక్కడానికి ఏ గేరు కావాలో ఆ గేరులోనే దిగాలి. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, నీళ్లు చల్లకుండా వాటంతటవే చల్లారేదాకా ఆగాలి.