పరిషత్తు లేని చోట పరిషత్తు బడి

హైదరాబాద్ శివార్లలో పాత ఊరి నడిబొడ్డుకు వెళ్తే చాలాచోట్ల ఒక బోర్డు కనిపిస్తుంది: ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల (బాలురు)’. ఆ ఊళ్లు ఇప్పుడు ఊళ్లుగా లేవు. పొలాలు కాలనీలయ్యాయి, చెరువు శిఖం దాకా అపార్ట్‌మెంట్లు లేచాయి. బోర్డు మాత్రం మారలేదు. అంతవరకే అయితే బాధ లేదు. ఆ బడి ఎవరిదో గట్టిగా చెప్పేవాళ్లే లేకుండా పోయారు. ఇక్కడి అసలు కష్టం అదే.

1959 నాటి చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ఊళ్లలోని హైస్కూళ్లు చాలావరకు పరిషత్తు కిందికి వచ్చాయి. అప్పట్లో ఉప్పల్, అల్వాల్, కాప్రా పట్నానికి ఎడంగా ఉన్న ఊళ్లే. బడి ప్రహరీ కూలితే ఎవరి గడప తొక్కాలో హెడ్మాస్టరుకు తెలుసు. సర్పంచి ఊళ్లోనే ఉండేవాడు, సమితి ప్రెసిడెంటు పక్క ఊళ్లో ఉండేవాడు. పని కాకపోతే నిలదీయడానికైనా ఒక మనిషి ఉండేవాడు.

తర్వాత ఆ ఊళ్లు పురపాలికలయ్యాయి. 2007 ఏప్రిల్‌లో హైదరాబాద్ నగరపాలక సంస్థలో 12 పురపాలికలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ అయింది. చెత్త, వీధిదీపాలు, ఇంటిపన్ను అన్నీ గ్రేటర్ చేతికి వెళ్లాయి. బడి వెళ్లలేదు, పరిషత్తు పద్దులోనే ఉండిపోయింది. 2019లో తెలంగాణలో 32 జిల్లా పరిషత్తులకు ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత ఉప్పల్, అల్వాల్, కాప్రా ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో మిగిలిన పల్లెలు కూడా పురపాలికల్లో కలిసిపోవడంతో 2025 నాటికి పరిషత్తుల లెక్క 31కి దిగింది. అంటే ఇవాళ ఆ జిల్లాకు హైదరాబాద్ లాగానే జిల్లా పరిషత్తు లేదు. ఛైర్మన్ లేడు, జడ్పీటీసీ లేడు. పరిషత్తు పేరు పెట్టుకున్న బడులు మాత్రం ఉన్నాయి, వాటిలో పిల్లలూ ఉన్నారు.

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. డ్రైనేజీ పొంగి బడి ఆవరణలోకి వస్తే ‘లోపలిది మీ శాఖ పని’ అని వార్డు ఆఫీసులో అంటారు. విద్యాశాఖకు రాస్తే నిధులు రావాలంటారు. హెడ్మాస్టరు జేబులోంచి డబ్బు తీస్తాడు, లేదా కాలనీ సంఘం పెద్దల దగ్గర చేయి చాపుతాడు.

మరుగుదొడ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇంటర్వెల్ గంట కొట్టగానే వందల మంది పిల్లలు ఒక్కసారిగా బయటికొస్తారు. ఉన్నవి కొద్దిపాటి గదులు. ఒకదానికి తాళం ఉంటుంది, అది సార్ల కోసం. ఇంకోదాని తలుపు కిందిభాగం తుప్పు పట్టి ఊడిపోయి ఉంటుంది. కుళాయి తిప్పితే గాలి వస్తుంది. ఆరో తరగతి పిల్లాడు వాసనకు ముక్కు మూసుకుని వెనక్కి తిరిగి ప్రహరీ వైపు నడుస్తాడు. అక్కడ గోడ పొడవునా నేల నల్లబడి ఉంటుంది. చాలామంది పొద్దున తాగిన నీళ్లతోనే సాయంత్రం దాకా నెట్టుకొస్తారు, మళ్లీ వెళ్లాల్సి వస్తుందని.

‘మగపిల్లలే కదా’ అంటారు పెద్దలు. ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది. బాలికల బడిలో మరుగుదొడ్డి లేకపోతే వార్త అవుతుంది, కావాల్సిందే. బాలుర బడిలో లేకపోతే అదొక కొరత అని కూడా ఎవరూ అనుకోరు. ప్రతి బడిలో తాగునీరు, మరుగుదొడ్లు ఉండి తీరాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు మగపిల్లలను మినహాయించలేదు. వాళ్లకు విడిగా ఉండాలనే చెప్పింది.

కడిగే మనిషి ఎవరన్నది మరో చిక్కు. ఒకప్పుడు బడికి స్కావెంజర్ ఉండేది. కొవిడ్ కాలంలో వాళ్లను తీసేసి, ఆ పని పంచాయతీలు, పురపాలికల సిబ్బంది చూస్తారన్నారు. తెల్లవారుజామునే రోడ్లు ఊడ్చే మనిషి బడి తెరిచే వేళకు మళ్లీ వచ్చి దొడ్లు కడుగుతుందని ఎలా అనుకున్నారో! 2024లో పిల్లల సంఖ్యను బట్టి శుభ్రతకు నెలనెలా డబ్బు ఇవ్వడం మొదలైంది. 750 మంది దాటిన బడికి 20 వేల రూపాయలు. అది మంచి పని, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ విరిగిన తలుపు, ఎండిన బోరు ఆ డబ్బుతో బాగుపడవు.

పర్యవేక్షణకూ ఇదే గతి పట్టింది. ప్రభుత్వ బడుల టీచర్లు ఒక యాజమాన్యం కింద, స్థానిక సంస్థల టీచర్లు ఇంకో యాజమాన్యం కింద ఉంటారు. ఎంఈఓ (మండల విద్యాధికారి) పోస్టుకు ఎవరు అర్హులన్న తగవు కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. ఏకీకృత సర్వీసు నిబంధనల కోసం 2017లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి, మరుసటి ఏడాది హైకోర్టు వాటిని కొట్టేసింది. ఈలోగా ఒక్కో హెడ్మాస్టరు తన బడిని నడుపుతూనే రెండు మూడు మండలాలకు ఇన్‌ఛార్జి ఎంఈఓగా ఫైళ్లు మోశాడు. ఆ రోజుల్లో తొమ్మిదో తరగతిలో లెక్కల సారు లేడని చెప్పుకోవడానికి కుర్చీలో మనిషి ఉండేవాడు కాదు.

ఇంత జరుగుతున్నా ఈ బడులు ఖాళీ అయిపోలేదు, చాలాచోట్ల కిక్కిరిసి ఉన్నాయి. పాలమూరు నుంచి, సిక్కోలు నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి పనుల కోసం వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇవే దిక్కు. మేస్త్రీ ఇంకో సైటుకు మారితే తండ్రి మారతాడు, పిల్లాడూ మారతాడు. టీసీ లేకపోయినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. సార్లు చేర్చుకుంటారు కూడా. 2022 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చాక పుస్తకాలు రెండు భాషల్లో ఇస్తున్నారు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఇంట్లో ఒడియానో భోజ్‌పురినో మాట్లాడే పిల్లాడికి రెండు పేజీలూ కొత్తే. ఆ పిల్లాడి పక్కన కూర్చుని చదివించడానికి సారుకు తీరిక ఉండాలి. అరవై మందిని కుక్కిన గదిలో ఆ తీరిక ఎక్కడిది?

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, విశాఖ, గుంటూరు వంటి చోట్ల నగరపాలక ఉన్నత పాఠశాలలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2022లో వాటి పర్యవేక్షణను పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. దాని మంచిచెడ్డల మీద వాదన ఉండొచ్చు. కనీసం ఎవరు జవాబుదారో కాగితం మీద రాశారు. తెలంగాణలో శివారు బడుల విషయంలో ఆ పాటి నిర్ణయం కూడా జరగలేదు. వీటిని పూర్తిగా ప్రభుత్వ యాజమాన్యంలోకి తీసుకుంటారా, నగరపాలక సంస్థకు నిధులతో సహా అప్పగిస్తారా అన్నది సర్కారు తేల్చాలి. ఏదైనా ఒకటి చేయాలి. 2025 చివర మరో 27 పురపాలికలు, నగరపాలికలు గ్రేటర్‌లో కలిశాయి, కాబట్టి ఇలాంటి బడులు ఇంకా పెరుగుతాయి.

కాలనీవాసులకు ఒక మనవి. ఈ బడి మైదానంలోనే మీరు పొద్దున వాకింగ్ చేస్తారు, ఎన్నికల రోజున ఈ గదుల్లోనే ఓటేస్తారు. వచ్చే జూన్‌లో బడిబాట పెట్టేలోపు ఒకసారి పనివేళల్లో లోపలికి వెళ్లి, పిల్లల మరుగుదొడ్డి తలుపు తీసి చూడండి. తర్వాత మీ ఎమ్మెల్యేను ఈ బడి ఎవరిదని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.